బ్లాక్‌లిస్ట్‌ని బద్దలుకొట్టింది కర్క్ డగ్లస్ కాదు... లేని రచయిత!

కమ్యూనిస్టులన్న ముద్ర వేసి సినిమావాళ్లకి పని ఇవ్వకుండా పెట్టిన హాలీవుడ్ బ్లాక్‌లిస్ట్ హీరో కర్క్ డగ్లస్ వల్ల పోయిందా? పోలేదండీ! ‘స్పార్టకస్’ టైటిల్స్‌లో ఆ లిస్టులో ఉన్న రచయిత డాల్టన్ ట్రంబో పేరు వేయించాడని ఇప్పటికీ ఆ హీరోకి దండలు వేస్తూనే ఉన్నారు. ఆ సినిమా వచ్చింది 1960 అక్టోబర్‌లో. ‘ఎక్సోడస్’ రాసింది ట్రంబోయేనని డైరెక్టర్ ప్రెమింజర్ ఆ జనవరిలోనే చెప్పేశాడు! అంతకుముందే గోడ కూలింది. కూల్చింది రాబర్ట్ రిచ్. ఎవరా రచయిత? అలాంటి రచయితే లేడు!

1947లో అమెరికా కాంగ్రెస్ కమిటీ హాలీవుడ్‌లో కమ్యూనిస్టులెవరని విచారణ పెట్టింది. జవాబివ్వని పదిమంది, అంటే ‘హాలీవుడ్ టెన్’, జైలుకెళ్లారు. వాళ్లలో ట్రంబో ఒకడు. డబ్బు సంగతి చూడండి. ఎమ్‌జీఎమ్ స్టూడియోలో ట్రంబో స్క్రిప్టుకి 75,000 డాలర్ల మనిషి. లిస్టులో పడ్డాక నిర్మాతలు కింగ్ బ్రదర్స్‌కి ‘గన్ క్రేజీ’ రాస్తే 3,750. ఇరవయ్యో వంతు! నిషేధమట, నిషేధం! పని చేయించుకుంటూనే రేటు తెగ్గొట్టారు.

దొంగచాటు రాతకి ‘ఫ్రంట్’ కావాలి. మన సినిమాల్లో పేరు లేకుండా రాసే ఘోస్ట్ కనపడడు, ఈ ఫ్రంట్ మాత్రమే కనపడతాడు. స్క్రిప్టు మీద తన పేరేసుకుని స్టూడియోకి వెళ్తాడు, చెక్కు తన పేరున తీసుకుని డబ్బు అసలు రచయితకి చేరుస్తాడు. బెడిసేది స్టోరీ డిస్కషన్‌లో. ‘ఈ సీను ఎందుకిలా?’ అంటే రాయనివాడు నోరెలా విప్పుతాడు? పైగా ఆ ఫ్రంట్ మీదే వేటు పడొచ్చు. ట్రంబో రాసిన ‘రోమన్ హాలిడే’కి పేరిచ్చిన ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ కూడా తర్వాత లిస్టులోకే పోయాడు.

రిచ్‌తో ఆ తంటా లేదు. డిస్కషన్‌కి పిలవడానికీ మనిషి లేడు, నిషేధించడానికీ లేడు!

1957 ఫిబ్రవరిలో అకాడమీ రూలు పెట్టింది: కాంగ్రెస్ విచారణ కమిటీకి జవాబివ్వనివాళ్లకి ఆస్కార్ లేదు. మార్చిలో ‘ది బ్రేవ్ వన్’ కథకి ఆస్కార్... రాబర్ట్ రిచ్‌కి! భార్య పురిటికని ఆయన రాలేదంటూ జెస్సీ లాస్కీ జూనియర్ బొమ్మ అందుకున్నాడు. తీరా చూస్తే రచయితల సంఘంలో ఆ పేరున సభ్యుడే లేడు. పాపం సంఘం!

ట్రంబో అసలు ఆట అప్పుడు మొదలైంది. విలేకరులు ‘మీరేనా?’ అంటే ఔననడు, కాదనడు. తను రాయని సినిమాల గురించి అడిగినా అదే తంతు. దాంతో మంచి స్క్రిప్టు ఏదొచ్చినా ఇండస్ట్రీకి అనుమానమే. 1959 జనవరిలో అకాడమీ ఆ రూలు ఎత్తేసింది. అదే నెల ట్రంబో టీవీలో కూర్చుని ‘రిచ్‌ని నేనే’ అన్నాడు. అప్పటికి డగ్లస్ ఇంకా నోరు విప్పలేదు!

ఆ బొమ్మ ట్రంబో చేతికి వచ్చేసరికి 1975. మరుసటేడే పోయాడు. ‘రోమన్ హాలిడే’ ఆస్కార్‌ని ఆయన భార్య క్లియో 1993లో అందుకుంది.