తదితరులు

(జనవరి 12, యెల్లాప్రగడ సుబ్బారావు జయంతి రోజున ఒక వైద్య కళాశాలలో పీజీ విద్యార్థులకు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ఒకప్పుడు నాతో పనిచేసిన సిస్టర్లకు, ల్యాబ్ సిబ్బందికి, పీజీ డాక్టర్లకు నమస్కారం. శాలువాలు, పూలదండలు అయిపోయాయి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

‘జీర్ణకోశ వ్యాధులు, క్యాన్సర్లలో పరిశోధన పత్రాలు ప్రచురించడం’ గురించి మాట్లాడమన్నారు. మీ టెన్షన్ నాకు తెలుసు. పేపరు లేకపోతే ప్రమోషన్ లేదు. ఏ జర్నల్‌కి పంపాలి, గణాంకాలు ఎవరితో చూపించుకోవాలి, రివ్యూయర్ కోప్పడితే ఏం జవాబు రాయాలి, ఇవన్నీ మధ్యాహ్నం మీకు చెప్పేవాళ్లున్నారు. ఈ రోజు తేదీ చూసుకున్నాక నాకు వేరే ఆలోచన వచ్చింది. ఒక్క మనిషి ప్రచురణల జాబితా తీసుకుని, అందులో ఉన్నవీ లేనివీ మీ ముందు పెడదామని వచ్చాను.

1895లో భీమవరంలో పుట్టారు యెల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడికి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. చేతికి రాలేదు, అంతకంటే తక్కువ అర్హత అయిన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. ఇవన్నీ మీరు చిన్నప్పుడు పాఠాల్లో చదివే ఉంటారు. నేను ఆపి చెప్పాలనుకున్నది మరొకటి. కొద్ది రోజుల తేడాలో ఆయన తోడబుట్టినవాళ్లు ఇద్దరు స్ప్రూతో పోయారు. ఈ జబ్బు ఈ తరం పీజీలు పుస్తకంలోనే చూసి ఉంటారు. పేగు లోపలి పొర పాడైపోతుంది. తిన్నది ఒంటికి పట్టదు. నోరు పూస్తుంది, రక్తం తగ్గుతుంది, మనిషి ఎండిపోతాడు. ఆయుర్వేదంలో గ్రహణి అంటారే, దానికి దగ్గర. ఇంట్లో రెండు చావులు చూసిన కుర్రాడు 1922లో బోస్టన్ చేరాడు, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువుకని. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశాడు.

ఇక జాబితా.

1925, జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ. రచయితలు ఫిస్కే, సుబ్బారావు. హార్వర్డ్‌లో ఈయన పనిచేసిన ల్యాబు ఆ ఫిస్కేదే. ఫాస్ఫరస్‌ని నీలిరంగు చిక్కదనం చూసి కొలిచే పద్ధతి. ఎం.బి.బి.ఎస్. మొదటి ఏడాది బయోకెమిస్ట్రీలో ఆ పేరు వినని వాళ్లుండరు. ప్రపంచ వైజ్ఞానిక సాహిత్యంలో అత్యధికంగా ఉటంకించిన పత్రాల్లో అదొకటి. 1927, సైన్స్ పత్రిక, కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్. 1929, మళ్లీ సైన్స్, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ. జర్మనీలో లోమాన్ అదే ఏడాది అదే పదార్థాన్ని విడిగా పట్టుకున్నాడు.

ఇక్కడ ఒక మాట. ఈ పేపర్లలో ఆయన పేరు ‘సుబ్బారావు, వై.’ అని పడుతుంది. ఆ ‘వై’ మన యెల్లాప్రగడ. ఇంటిపేరు ముందు పెట్టుకునే జాతి మనది. ఆ ఇంటిపేరు ఒక్క అక్షరమై చివరికి పోయింది. మీలో ఎంతమంది పేర్లు రేపు అలాగే తారుమారవుతాయో చూసుకోండి. మొదటి పేపరులో ఎలా రాస్తారో జీవితాంతం అలాగే రాయండి. పేపర్లు రాయడం గురించి నేనిచ్చే సలహా ఇదొక్కటే.

ఉన్నవి చెప్పాను. ఇప్పుడు లేనివి. అదే ల్యాబులో పనిచేసిన జార్జ్ హిచింగ్స్, 1988లో నోబెల్ అందుకున్నాయన, తర్వాతి కాలంలో ఒక మాట చెప్పాడు. సుబ్బారావు వేరుచేసిన న్యూక్లియోటైడ్లలో, అంటే డీఎన్ఏ లాంటివాటికి ఇటుకల్లాంటి పదార్థాల్లో, కొన్నింటిని ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ మొదటినుంచి కనుక్కోవాల్సి వచ్చిందట. కారణం, ఫిస్కే వాటిని బయటికి రానివ్వలేదు, అసూయే అయి ఉంటుందని హిచింగ్స్ అభిప్రాయం. ఆలోచించండి. ఒక మనిషి చేసి చూపిన పని బీరువాలో ఉండిపోయింది. దానికోసం మళ్లీ ఎంతమంది ఎన్ని రాత్రులు మేలుకున్నారో!

హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్లారు. అక్కడే ఫోలిక్ ఆసిడ్ అనే బి విటమిన్ మీద పని. కాలేయంలో రక్తహీనతను తగ్గించే పదార్థం ఏదో ఉందని అందరికీ తెలుసు, అదేమిటో తెలియదు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్ 1931లోనే ఈస్ట్‌తో అది తగ్గుతుందని రాశారు. ఆ పదార్థాన్ని పట్టి, నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారు చేసింది సుబ్బారావు నడిపిన బృందం. 1945లో సైన్స్‌లో వచ్చిన ఆ పత్రానికి 16 మంది రచయితలు. జట్టు జట్టుగా, ఒక్కో జట్టులో ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్లు వేశారు. ఏంజియర్‌తో మొదలవుతుంది. మన ఆయన ఏడోవాడు. నడిపించిన మనిషి తన పేరు ముందుకు జరుపుకోలేదు. పుస్తకాల్లో ఆ పత్రాన్ని ఎలా రాస్తారో తెలుసా? ‘ఏంజియర్, తదితరులు’. యెల్లాప్రగడ సుబ్బారావు తదితరుల్లో కలిసిపోయాడు!

వెనక వరుసల్లో ఉన్న పీజీలు, మీతోనే. పెద్దపేగు క్యాన్సర్ రోగికి ఫాల్‌ఫాక్స్, అదే ఆ మూడు మందుల కలయిక, ఎక్కించినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ‘ఆక్స్’ అంటే ఆక్సాలిప్లాటిన్, అది చెబుతారు. మధ్యలో ‘ఎఫ్’ ఫ్లోరోయురాసిల్, అదీ చెబుతారు. మొదటి ‘ఫాల్’ ఏమిటి? ఫోలినిక్ ఆసిడ్. వార్డులో ల్యూకోవొరిన్ అంటాం. ఫ్లోరోయురాసిల్ వెళ్లి డీఎన్ఏకి ఒక ముడిసరుకు తయారుచేసే ఎంజైమును పట్టుకుంటుంది. ఆ పట్టు జారిపోకుండా బిగించేది ఫోలినిక్ ఆసిడ్. దాన్ని కనిపెట్టింది సుబ్బారావు అని నేను చెప్పను, అది అబద్ధం అవుతుంది. ఫోలిక్ ఆసిడ్ రసాయనశాస్త్రం తెలిశాక వచ్చిన కొమ్మ అది. ఆ చెట్టు నాటిన చేతుల్లో ఈయనవి ముఖ్యం.

అదే చెట్టుకి ఎదురు కొమ్మ ఎమినోప్టెరిన్, తర్వాత మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆసిడ్‌ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే మందులు. లెడర్లీలో చేసిన ఎమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చాడు. 16 మందిలో 10 మంది కొంతకాలం తేరుకున్నారు. 1948 జూన్‌లో ఆ పత్రం న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. రచయితల్లో సుబ్బారావు లేరు. మరో రెండు నెలలకు ఆగస్టులో ఆయనే లేరు. వయసు 53.

మందులు వరసగా చెప్పుకుపోదామని రాసుకొచ్చాను. ఆ కాగితం పక్కన పెడుతున్నాను. నేను ఈ ఊరు వచ్చింది ఇంకో మాట చెప్పడానికి.

తొంభైల్లో నేనొక పేపరు రాశాను. అప్పుడు కడుపులో ఉండే హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా మంచి వేడి మీదున్న విషయం. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పెథాలజిస్టు వారెన్ బయాప్సీ ముక్కల్లో ఆ వంకర బ్యాక్టీరియాను చూడటం, మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలవడం, 1983లో లాన్సెట్ పత్రికలో ఇద్దరివీ వేర్వేరు ఉత్తరాలు పక్కపక్కనే రావడం, అంతా మాకు కథలా ఉండేది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేల్చింది. మేమూ కడుపు క్యాన్సర్ రోగుల బయాప్సీల్లో దాన్ని వెతకడం మొదలుపెట్టాం. గీమ్సా రంగు వేస్తే బ్యాక్టీరియా నీలంగా కనిపించాలి. మాకు కనిపించేది కాదు. స్లైడంతా ఒకటే మసక నీలం.

మా ల్యాబు టెక్నీషియన్ ఒకాయన, ఇంటర్ దాకా చదివినవాడు, తప్పు నీళ్లలో ఉందన్నాడు. మా ఊరి నీళ్లకి ఆ రంగు సరిగా పట్టదని, బఫరు, అంటే నీళ్లలో ఆమ్ల క్షార గుణం మారకుండా నిలిపే ద్రావణం, సొంతంగా కలిపాడు. పాళ్లు మార్చి మార్చి చూశాడు. మూడు వారాలు ఎనిమిదింటికి ముందు ఇంటికి వెళ్లలేదు. ఒక సాయంత్రం నన్ను పిలిచి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టాడు. జిగురు పొరలో నీలం నీలంగా వంకర గీతలు. నా జీవితంలో అంత సంతోషపడ్డ సాయంత్రాలు తక్కువ.

పేపరులో నాలుగు పేర్లు వేశాం. ఆయన పేరు లేదు. స్లైడు ఒక్కటీ చూడని పెద్దాయన పేరు ఉంది. నేను అడ్డు చెప్పలేదు. ‘టెక్నీషియన్ల పేర్లు వేస్తే జర్నల్ వాళ్లేమనుకుంటారు’ అన్నారు, తలూపాను. ఆ పేపరు నాకు ప్రమోషన్ తెచ్చింది. సుబ్బారావు గారికి అన్యాయం జరిగిందని ఏటా జనవరిలో సభలు పెట్టి బాధపడతాం. బాధపడాల్సిందే. కానీ ఇరవై ఎనిమిదేళ్ల కిందట నా గదిలో ఫిస్కే కుర్చీలో కూర్చున్నది నేను.

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. స్ప్రూకి ఇప్పటికీ ఏమిస్తున్నాం? ఫోలిక్ ఆసిడ్, దాంతోపాటు నెలల తరబడి టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. ఫోలిక్ ఆసిడ్ సంగతి విన్నారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. దాన్ని పట్టుకున్న బెంజమిన్ డగ్గర్ పనిచేసింది సుబ్బారావు డైరెక్టరుగా ఉన్న పరిశోధన విభాగంలోనే. హెచ్. పైలోరీకి ఈ రోజు మీరు రాసే నాలుగు మందుల చికిత్సలోనూ టెట్రాసైక్లిన్ ఉంది. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బుకి రెండు మందులూ ఆయన నీడలోంచే వచ్చాయి. ఏ ప్రచురణల జాబితాలోనూ ఈ వాక్యం ఉండదు.

ప్రిన్సిపాల్ గారూ, మీ కాలేజీ వార్షిక నివేదిక చూశాను. పేపర్ల జాబితాలో మొదటి పేరు, ఆ తర్వాత ‘తదితరులు’. దయచేసి ఈ ఏడాది నుంచి అందరి పేర్లూ వేయించండి. రెండు పేజీలు పెరుగుతాయి, పెరగనివ్వండి.

పోయిన సంక్రాంతికి నేను ఆ టెక్నీషియన్ గారింటికి వెళ్లాను. రిటైరై కూతురి దగ్గర ఉంటున్నారు. పేపరు చేతిలో పెట్టి, తప్పు చేశానని చెప్పాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఫొటో చూశారు. పేర్ల వైపు చూడనేలేదు. పేజీ తిప్పి పద్ధతి రాసిన చోట వేలు పెట్టి, ‘బఫరు పాళ్లు రాయలేదేంటి సార్?’ అని అడిగారు. నిజమే. ‘గీమ్సా పద్ధతిలో రంగు వేశాం’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశాం. మా పేపరు చదివి ఎవరైనా ఆ పని మళ్లీ చేయాలనుకుంటే కుదరదు.

అక్కడే కూర్చుని, ఆయన చెబుతుంటే ఆ పేపరు వెనకాలే పాళ్లన్నీ రాసుకున్నాను. ఎంత నీటికి ఎంత ఉప్పు, ఎన్ని నిమిషాలు, ఎప్పుడు కడగాలి. ఇన్నేళ్లయినా ఒక్క అంకె తడుముకోలేదాయన. ఇదిగో, ఆ కాగితం. పైన ఆయన పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను. మీ పెథాలజీ విభాగం లైబ్రరీకి ఇస్తున్నాను, తీసుకోండి.