ఖమ్మం నుంచి డల్లాస్‌కి ఒక్క రాత్రేనా? అమ్మ వస్తున్న రోజు వ్లాగ్

అందరికీ నమస్తే. ఇక్కడ డల్లాస్‌లో పొద్దున ఐదున్నర. అమ్మ మొదటిసారి అమెరికా వస్తోంది, రాత్రంతా నాకు నిద్రే లేదు.

ఇందాక ఖమ్మం నుంచి పిన్ని ఫోన్ చేసింది. "నిన్న మధ్యాహ్నం రెండింటికి కారెక్కింది, ఇవాళ పొద్దున తొమ్మిదిన్నరకు దిగుతుందంటున్నావు. ఒక్క రాత్రేగా!" అంది. కాదు పిన్నీ, ఈ వీడియో నీకోసమే. గడియారం చూస్తే పందొమ్మిదిన్నర గంటలే. కానీ ఎండాకాలంలో డల్లాస్ టైమ్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అది కలిపితే 30 గంటలు. శంషాబాద్ దాకా కారు, అక్కడ మూడు గంటలు ముందే ఉండాలి, దుబాయ్‌కి దాదాపు నాలుగు గంటలు, అక్కడ ఇంకో విమానం. అందులో ఒకే సీట్లో 16 గంటలు! మోకాళ్ల నొప్పులున్న మనిషి, అదే నా టెన్షన్. అందుకే వీల్‌చైర్ పెట్టించాను, ఎక్కడ మారాలో వాళ్లే దగ్గరుండి తీసుకెళ్తారు. టికెట్ 1,400 డాలర్లు, అంటే లక్షా ఇరవై వేల దాకా.

ఇప్పుడు ఇది చూడండి. పాప స్కూలు కోసం కొన్న గ్లోబు, 20 డాలర్లు, మన డబ్బుల్లో 1,700 పైనే. రాత్రి దీని మీద పూలదారం పెట్టి చూశాను. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి బిగించి లాగితే దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోయింది! హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, డల్లాస్ 97 డిగ్రీల పడమర. భూమికి ఇటొకటి, అటొకటి. అందుకే దగ్గరి దారి ధ్రువం వైపు నుంచే, 14,400 కిలోమీటర్లు. నేరుగా వచ్చే విమానం లేదు. దుబాయ్ మీదుగా అయితే 2,550, మళ్లీ 12,900. కలిపితే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ, అంతే. దుబాయ్ అంటే చాలా చుట్టుదారి అనుకున్నాను ఇన్నాళ్లూ. తిరిగి వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి పెద్ద విమానంలో గంటకు పైగా తగ్గుతుంది. అయినా వెళ్లే మాట ఇప్పుడెందుకు, ఆర్నెల్లు ఉంటుంది.

రోజూ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చే టైముకి అక్కడ ఖమ్మంలో తెల్లవారుతుంది, అమ్మ వాకిట్లో ముగ్గేస్తూ ఉంటుంది. ఫోన్‌లో అది చూస్తూ కాఫీ తాగడం ఆరేళ్లుగా నా అలవాటు. నిన్న సాయంత్రం కూడా ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అమ్మ విమానంలో ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

యాప్‌లో చూడండి, విమానం కెనడా మీద ఉంది. ఇంకా నాలుగు గంటలు. గోంగూర పచ్చడి తనే తెస్తోంది, నేను పప్పు కడిగి పెడతాను.