ఆస్పిరిన్ పడనివాళ్లకు స్టెంట్ వేయాల్సి వస్తే

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున హన్మకొండలో ఇంతమంది గుండె గురించి వినడానికి వచ్చారు, సంతోషం, కానీ నడక గురించీ నూనె గురించీ ఇవాళ నేను చెప్పను, అవి మీరు విని విని ఉన్నారు. ఒక్క గోలీ గురించే మాట్లాడతా: ఆస్పిరిన్.

స్టెంట్, అంటే గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న వల గొట్టం, వేశాక ఆస్పిరిన్‌తో పాటు రక్తం గడ్డకట్టనివ్వని క్లోపిడోగ్రెల్ లాంటి మందు ఇంకొకటి కలిపి, మామూలుగా 6 నెలల నుంచి 12 నెలల దాకా వాడాలి. స్టెంట్ మీద లోపలి పొర కమ్ముకునే దాకా అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. గడ్డకట్టిందంటే మళ్లీ గుండెపోటే. అట్లాంటి సమయంలో పేషెంట్ "సార్, ఆస్పిరిన్ నాకు పడదు" అన్నాడనుకోండి, టెన్షన్ ఆయనకు కాదు, మాకు.

నేను ముందు అడిగేది ఒకటే, పడకపోతే ఏమైంది? కడుపులో మంట, పుల్లటి తేన్పులు అంటే అది అలర్జీ కాదు, దానికి గ్యాస్ గోలీ ఉంది. అయినా ఎవరో ఫైలు మీద ఎర్ర పెన్నుతో 'అలర్జీ' అని రాసేస్తారు, తర్వాత ఏ డాక్టరూ ముట్టుకోడు. నాకు కోపం వచ్చేది అక్కడే. కానీ ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల సూది వేయించుకున్న గంటలోపే ఒళ్లంతా దద్దుర్లు లేచి పెదాలు వాచాయంటే మాత్రం నిజంగా జాగ్రత్త పడాలి, ఎందుకంటే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా ఆస్పిరిన్ అడ్డుకునే ఎంజైమునే అడ్డుకుంటాయి. ఆ ఎంజైము ఆగితే కొందరిలో ల్యూకోట్రయీన్లనే రసాయనాలు ఎక్కువై దద్దుర్లు, వాపు వస్తాయి, ఆస్తమాతో పాటు ముక్కులో పాలిప్స్, అంటే కండ పెరిగిన తిత్తులు, ఉన్నవాళ్లకైతే ఆయాసం.

ఇలాంటివాళ్లకు దారి డీసెన్సిటైజేషన్. అంటే అదే మందును చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి ఒంటికి అలవాటు చేయడం. బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో 1 మిల్లీగ్రాముతో మొదలై 5, 10, 20, 40, చివరికి 100 దాకా, అంతా సుమారు ఐదున్నర గంటల్లో అయిపోతుంది. 1 మిల్లీగ్రాము గోలీ ఎక్కడా దొరకదు కదా! నీళ్లలో కరిగే గోలీని కొలిచిన నీళ్లలో కలిపి, సిరంజితో లాగి నోట్లో పోస్తారు. చేతికి సెలైన్ సూది, ఛాతీకి మానిటర్ వైర్లు, పక్కన ట్రేలో, రియాక్షన్ తీవ్రమైతే ఇవ్వడానికి అడ్రినలిన్ సూది సిద్ధంగా ఉంటాయి. ప్రతి మోతాదు తర్వాత నర్సు బీపీ చూసి, చొక్కా ఎత్తి చర్మం చూసి, "దురద పెడుతోందా" అని అడుగుతుంది. ఇంట్లో గోలీ ముక్కలు చేసుకుని చేసే పని కాదిది. మీరు బీపీకో గుండె వేగం తగ్గడానికో ఇచ్చే బీటా బ్లాకర్ మందు వాడుతుంటే ముందే చెప్పండి, అది ఒంట్లో ఉంటే అవసరానికి ఇచ్చిన అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు.

ఇటలీలో 330 మంది గుండె పేషెంట్లకు ఇలా చేస్తే 95 శాతం మందికి ఫలించిందని 2017లో ప్రచురించారు. ఆస్పిరిన్‌తో అంతకుముందు అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ, వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు, వాళ్లందరికీ ఫలించింది. కానీ మందు వాడాక చర్మం బొబ్బలెక్కి ఊడిన చరిత్ర ఉంటే ఈ పని అస్సలు చేయరు. ఆస్తమా అదుపులో లేకపోతే ముందు దాని సంగతి చూడాలి.

అసలు కష్టం ఇంటికెళ్లాక. ఈ అలవాటు రోజూ గోలీ వేసుకుంటేనే నిలుస్తుంది. మేడారం జాతరకు పోయి గోలీల డబ్బా ఇంట్లో మరిచిపోయి నాలుగు రోజులు అక్కడే ఉన్నారనుకోండి, ఒళ్లు మళ్లీ మొదటికొచ్చే అవకాశం ఉంది. రెండు మూడు రోజులు తప్పితే మీ అంతట మీరు మొదలుపెట్టకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. పన్ను పీకించుకోవడానికో, ఆపరేషన్‌కో ఎవరైనా ఆస్పిరిన్ ఆపమన్నా అంతే, ముందు గుండె డాక్టరును అడగండి. ఆపితే మళ్లీ ఆ మంచం, ఆ మానిటర్, 1 మిల్లీగ్రాము నుంచి.

ఇక అడగండి. గోలీల పట్టీలు జేబులో ఉంటే తీసుకురండి, చూస్తా.