రంపం సగంలో ఆగిపోతే బ్యాటరీ మార్చాలా?

సమర్పకురాలు: నమస్కారం. బ్యాటరీ పనిముట్ల మరమ్మతులపై ఈనాటి ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. నిర్మల్ నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారమమ్మా. నేను వడ్రంగం చేస్తాను. నా 18 వోల్టుల గుండ్రటి రంపం, బ్యాటరీని పూర్తిగా చార్జి చేసినా, టేకు చేవ కోసేటప్పుడు సగంలో టక్కున ఆగిపోతోంది. మీట వదిలి మళ్లీ నొక్కితే తిరుగుతుంది. బ్యాటరీ మీది లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి. కొత్త బ్యాటరీ కొనమంటారా?

నిపుణుడు: తొందరపడి కొనకండి. మీట వదిలి నొక్కగానే తిరుగుతోందంటే, మోటారు మోయగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు లాగుతున్నందువల్ల లోపలి రక్షణ సర్క్యూటు దాన్ని ఆపుతోందని అనుకోవచ్చు. ముందు బ్యాటరీని ఊడదీసి, బ్లేడు పళ్లను వేలితో కాక కంటితో చూడండి. పళ్ల పక్కన జిగురు నల్లగా పేరుకున్నా, మొన అరిగినా, కోసిన చోట చెక్క కమిలినట్లు కనిపించినా తప్పు బ్లేడుదే. చెక్క ముక్క వాలి కోతను బిగబట్టినా ఇదే జరుగుతుంది.

శ్రోత: బ్లేడుకు సాన పట్టించి చాలా కాలమైందండీ. బ్యాటరీ 2 ఆంపియర్-అవర్లది.

నిపుణుడు: అయితే రెండూ కలిసివచ్చాయి. అటువంటి చిన్న బ్యాటరీలో సాధారణంగా 5 లిథియం సెల్లులు ఒకే వరుసలో ఉంటాయి కనుక భారమంతా ప్రతి సెల్లు మీదా పడుతుంది. పెద్దవాటిలో చాలా వరకు రెండేసి సెల్లులు పక్కపక్కన ఉండి దాన్ని పంచుకుంటాయి. బ్లేడు మార్చాక కూడా ఆగితే, అదే రకం మంచి బ్యాటరీని తోటి పనివారి దగ్గర తీసుకుని పెట్టి చూడండి. దానితో ఆగకపోతే మీ బ్యాటరీలో ఏదో సెల్లు బలహీనపడి ఉండవచ్చు. ఊరికే ఉన్నప్పుడు మీటరు 20 వోల్టులకు పైగా చూపినా, బరువు పడగానే ఆ సెల్లు కుంగిపోతుంది. లైట్లను నమ్మలేకపోవడానికి కారణమూ అదే.

శ్రోత: ఎండాకాలం చార్జరు కూడా ఎర్రలైటు మిణుకుమని, చార్జి ఎక్కించదండీ.

నిపుణుడు: కోత ముగియగానే వేడి బ్యాటరీని పెడుతున్నారా? చాలా చార్జర్లు అది చల్లారేదాకా చార్జి మొదలుపెట్టవు. నీడలో ఉంచండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. చల్లారినా ఎక్కకపోతే, బ్యాటరీ చార్జరుకు తగిలే చోట రంపపు పొట్టు చేరిన లోహపు పట్టీలను పొడి బ్రష్షుతో తుడవండి. ఉబ్బిన బ్యాటరీని వాడనే వద్దు. చచ్చిన బ్యాటరీని మంచిదానికి తీగలతో కలిపి లేపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నిప్పు పుట్టే ప్రమాదం ఉంది.