పగిలిన సిలిండర్ తప్పు ఎవరిది?

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, ఎదురుగా కూర్చున్న అప్రెంటిస్ పిల్లలకు నమస్కారం. ఆయుధ పూజ కదా, ఒక ఆయుధం గురించే మాట్లాడతాను.

1847. అమెరికాకూ మెక్సికోకూ యుద్ధం నడుస్తోంది. రివాల్వర్లు తయారుచేసే శామ్యూల్ కోల్ట్ పాత కంపెనీ 1842లోనే మూతపడింది. టెక్సాస్ రేంజర్స్ అనే సాయుధ దళంలో పనిచేసిన కెప్టెన్ శామ్యూల్ వాకర్, కోల్ట్ పాత రివాల్వర్‌లో పట్టే ఐదు గుళ్లు చాలవు, ఆరు కావాలన్నాడు. సైన్యం 1,000 రివాల్వర్లకు ఆర్డర్ ఇచ్చింది. కోల్ట్‌కు సొంత ఫ్యాక్టరీ లేక, కనెక్టికట్‌లో, పత్తి గింజలు తీసే యంత్రంతో పేరుపొందిన ఎలీ విట్నీ కొడుకు వర్క్‌షాపులో చేయించాడు. అదే కోల్ట్ వాకర్. బరువు రెండు కిలోల పైనే. నడుముకు కట్టుకునేది కాదు, జీనుకు వేలాడదీసుకునేవారు. వాకర్ ఆ ఏడాది అక్టోబరులోనే మెక్సికోలో వామాంట్లా దగ్గర చనిపోయాడు.

గుళ్లు నింపే, గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో ఒక్కో గదిలో దాదాపు 4 గ్రాముల తుపాకీ మందు కూరేవారు. పేలగానే ఆ అదురుకు గొట్టం కింద ఉన్న, గుండు కూరే కడ్డీ జారి, సిలిండర్ తిరగకుండా అడ్డుపడేది. సిపాయిలు దాన్ని తోలు తాడుతో కట్టుకునేవారు. కొన్ని సిలిండర్లయితే చేతిలోనే పగిలాయి.

బాబూ, ఇది రాసుకోండి. మందు ఎక్కువ పోశారు, మొనదేలిన గుండు తిరగేసి పెట్టారు అని సిపాయిల మీద నెపం పడింది. కొందరు చేసే ఉంటారు. కానీ మరుసటి ఏడాది వచ్చిన డ్రాగూన్ రివాల్వర్‌లో సిలిండర్ ఎందుకు కురచ చేశారు? మందు 3 గ్రాముల పైచిలుకుకు ఎందుకు తగ్గించారు? కడ్డీకి గట్టి కొక్కెం ఎందుకు పెట్టారు? ఆనాటి ఇనుము ఆ మందుకు ఆగలేదు!

నాకెందుకింత కోపమంటే, నేను పనిచేసిన చోట ఒక పంపు కేసింగ్ టెస్టింగ్‌లో పగిలింది. బోల్టు ఎక్కువ బిగించావని నా జతగాడికి మెమో ఇచ్చారు, ఇంక్రిమెంట్ ఆపారు. రిటైరయ్యేదాకా ఆ మెమో జేబులోనే పెట్టుకు తిరిగాడు. ఆ పగిలిన ముక్క తీసి చూడండయ్యా అని ఎన్నిసార్లు అడిగానో. ఎవరూ చూడలేదు.

నేను దాచాను. ఇదిగో. ముందు వరుస నుంచి చేతులు మార్చుకుంటూ చూడండి. విరిగిన అంచులో, ఆవగింజంత నల్లటి బొరియ కనిపిస్తుంది. బ్లోహోల్, అంటే పోత పోసేటప్పుడు గాలి చిక్కుకుని మిగిలిన బొరియ. వేలితో తడిమి చూడండి, తెలుస్తుంది.