రెండెకరాల ఫారం స్టే: ముందు అలుగు, తర్వాతే గది

[దృశ్యం: వాలుగా ఉన్న ఎర్రనేల, అక్కడక్కడా ఎండుగడ్డి]

అనంతపురం వైపు రెండెకరాలు కొన్నారనుకోండి. పట్నం నుంచి నలుగురొచ్చి రెండ్రోజులు ఉండిపోయే చోటు చేద్దామని మీ ఆశ. మొదట ఏం కడతారు? గేటు, ఆ వెంటనే గది. నేనూ అదే చేశాను. సెప్టెంబరు వానకి పైచేను నీళ్లన్నీ నా వరండాలోకొచ్చాయి!

[దృశ్యం: బోర్డు మీద లెక్క]

ఇక్కడ ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. తక్కువే. అయినా ఎకరాకి లెక్కేస్తే 22 లక్షల లీటర్లు. చిక్కేంటంటే, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లో కొద్ది వానల్లోనే కురిసేస్తుంది. అడ్డం లేకపోతే పై మట్టిని కూడా వెంటేసుకుపోతుంది.

[దృశ్యం: దగ్గరగా, చేతులు కర్రలు కడుతూ]

ఆ నీళ్లని ఆపాలంటే వాలుకి అడ్డంగా, ఒకే మట్టంలో కందకాలు తవ్వాలి. ఆ మట్టం చూసుకోడానికి మూడు కర్రలు తీసుకోండి. రెండు కాళ్లు పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర. పైనుంచి దారం, దారానికి రాయి. కాళ్లను నేలమీద రెండు చోట్ల ఆనించి, దారం అడ్డకర్రని ఎక్కడ తాకిందో గీత పెట్టండి. కాళ్లు అటుదిటు మార్చి మళ్లీ గీత. రెండు గీతల నడిమి చుక్కే మట్టం. దారం ఆ చుక్క మీద నిలిచే చోట్లన్నీ కలుపుకుంటూ ముగ్గు పోస్తే, అదే మీ కందకం దారి. తవ్విన మట్టి కిందివైపే వేయాలి.

[దృశ్యం: కుంట నమూనా]

కందకాలు నిండాక నీళ్లు చేరే పల్లంలో కుంట. పైన 12 మీటర్ల చదరం, అడుగున 6, లోతు 3 మీటర్లు. రెండున్నర లక్షల లీటర్లు పడతాయి. వెడల్పుగా, లోతు లేకుండా తవ్వకండి. రోజుకి 6 మిల్లీమీటర్లు ఆవిరైనా ఈ కుంటే 860 లీటర్లు పోగొట్టుకుంటుంది. ఎర్రనేల నీళ్లు నిలపదు. అడుగున రేగడిమట్టి పరిచి బాగా తొక్కించాలి.

అలుగు, అంటే కుంట నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి, ఎటు పారాలో పార పట్టకముందే తేల్చుకోండి. అలుగు లేని గట్టు తెగడానికి ఒక్క రాత్రి చాలు. గట్టుమీద చెట్లొద్దు, వేర్లు తొలిచేస్తాయి. వట్టివేరు నాటండి.

[దృశ్యం: కందకం పక్కన మొక్కలు]

ఇక తోట. కందకం కిందివైపు మామిడి, నేరేడు. వాటి మధ్య సీతాఫలం, ఉసిరి, మునగ. మొదటి రెండేళ్లు ఖాళీల్లో కంది, అలసంద. పచ్చిరొట్టకి పనికొచ్చే గ్లిరిసిడియా చెట్టు మాత్రం ధారాళంగా పెట్టండి. కొమ్మలు కొట్టి పాదుల్లో పరిస్తే ఎండాకాలం తేడా చేత్తో తెలుస్తుంది: ఆకు కింద మట్టి చల్లగా ఉంటుంది, బయట పెనంలా కాలుతుంది.

మేకలు రాకుండా కంచె తప్పదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బీడునేలలో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మేతనీ మంటల్నీ ఆపింది. నాటకుండానే చాలా మొక్కలు తిరిగొచ్చాయి.

[దృశ్యం: స్నానాల గది వెనక అరటి గుంట]

అరటి ఇష్టమా? ఈ ఎండల్లో దానికి ఒకటే చోటు, స్నానాల నీళ్లు దిగే గుంట. మనిషికి రోజుకి వంద లీటర్లనుకున్నా నలుగురికి నాలుగు వందలు. మీ దగ్గర ఎందరు దిగాలో చెప్పేది మంచాల లెక్క కాదు, వేసవిలో కుంటలో మిగిలే నీళ్లు. సెప్టిక్ ట్యాంకు మాత్రం కుంటకి, బావికి దిగువన, దూరంగా.

గది మూడో ఏడు. అప్పటికి వాననీళ్లు ఎటు పోతాయో, మధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతుందో మీకే తెలిసిపోతుంది. నా వరండా? పగలగొట్టి పదడుగులు పైకి జరిపాను.