నీళ్ళు పోయడం ఆపి లీకు వెతకండి: పాత అంబాసిడర్ ఇంజన్ గురించి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారంటే మీ బండ్ల మీద మీకున్న ఇష్టం తెలుస్తూనే ఉంది. ఈరోజు నేను మాట్లాడేది అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌లో నీళ్ళ లీకుల గురించి. ఇంగ్లండ్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ళు రూపొందించిన బీ-సిరీస్ ఇంజనే ఇది, బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. ప్రీమియర్ పద్మిని కారు ఉన్నవాళ్ళు కూడా వినండి, పైపుల దారి వేరైనా వెతికే పద్ధతి ఒక్కటే.

"పాత బండి కదండీ, నీళ్ళు తాగుతుంది" అనే మాట నాకు అస్సలు నచ్చదు. ఇంజన్ నీళ్ళు తాగదు. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతున్నాయంటే ఎక్కడో కారుతున్నాయి, లేదా సిలిండర్‌లోకి దిగి సైలెన్సర్‌లోంచి ఆవిరైపోతున్నాయి. డిక్కీలో నీళ్ళ బాటిల్ పెట్టుకుని నెలల తరబడి పోసుకుంటూ తిరిగితే చిన్న లీకు కాస్తా హెడ్ గ్యాస్కెట్ (బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే సీలు) దాకా వెళ్తుంది.

లీకు కానిదాన్ని లీకు అనుకునేవాళ్ళూ ఉన్నారు, ముందు ఆ సంగతి చెప్తాను. ఈ బండ్లలో చాలావాటికి రికవరీ బాటిల్, అంటే పొంగిన నీళ్ళు పట్టి ఉంచే డబ్బా, ఉండదు. రేడియేటర్ గొంతు దాకా నింపేస్తే ఇంజన్ వేడెక్కాక నీళ్ళు వ్యాకోచించి, ఎక్కువైనవి ఓవర్‌ఫ్లో పైపులోంచి కింద పడతాయి. చల్లారాక మూత తీసి చూసి, తగ్గాయని మళ్ళీ నింపుతారు, మళ్ళీ పడతాయి. గొంతుకి ఒక అంగుళం కిందికి పోసి వారం రోజులు చూడండి, ఆ మట్టం అక్కడే నిలిస్తే మీ బండికి ఏ రోగమూ లేదు.

అది కూడా తగ్గుతుంటే అప్పుడు వెతకాలి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెతకాలి, వేడి మీద బయటికొచ్చిన చుక్క వచ్చిన చోటే ఆరిపోతుంది, పైగా ఫ్యాన్ గాలికి ఎటో చిమ్ముతుంది. రేడియేటర్ క్యాప్ చోట చేతిపంపు ప్రెషర్ టెస్టర్ (లోపలికి గాలి కొట్టి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూసే పరికరం) బిగించి, మీ క్యాప్ మీద ఎంత రాసుందో అంతవరకే కొట్టండి. ఈ పాత రేడియేటర్లకు మామూలుగా 7 పౌండ్ల (చదరపు అంగుళానికి) క్యాప్ ఉంటుంది, ఇంకా పాతవాటికి 4 పౌండ్లదే. కొత్త బండ్ల లెక్కలో 15 పౌండ్లు కొడితే టంకం వేసిన అతుకులు ఊడిపోతాయి, లేని లీకు మనమే తెచ్చినట్టు. పంపు కొట్టి పావుగంట వదిలేయండి. టెస్టర్ మీటరు ముల్లు దిగుతుంటే టార్చి, చిన్న అద్దం తీసుకుని పై నుంచి కిందికి చూసుకుంటూ రండి. నీరు కారిన చోట నుంచి ఎక్కడెక్కడికో పాకుతుంది కాబట్టి చుక్క కనిపించిన చోట ఆగకండి, దాని పైన తెల్లగానో తుప్పు రంగులోనో ఎండిన గీత ఉంటుంది, ఆ గీత వెంట పైకి వెళ్ళండి.

ఎక్కువసార్లు అనుమానించాల్సింది వాటర్ పంపునే, మన మెకానిక్కులు వాటర్ బాడీ అంటారు. పంపు అడుగున సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్ళు బేరింగ్‌లోకి పోకుండా బయటికి రావడానికే ఆ రంధ్రం పెట్టారు, అంటే అది సీలు పోయిందని చెప్పే చోటు. దయచేసి దాన్ని ఎం-సీల్‌తో మూయకండి! మూస్తే నీళ్ళు బేరింగ్‌లోకి వెళ్తాయి, గ్రీజు కడుక్కుపోతుంది, షాఫ్ట్ ఊగడం మొదలవుతుంది. ఫ్యాన్ కూడా ఆ షాఫ్ట్ మీదే కదా తిరిగేది, ఊగి ఊగి ఒకరోజు రేడియేటర్‌లోకి దూసుకుపోతుంది. బెల్టు వదులు చేసి ఫ్యాన్ రెక్క పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిపి చూడండి, ఏ కాస్త ఊగినా పంపు మార్చేయాల్సిందే.

హోస్ పైపులకు పెద్ద కథేమీ లేదు. చేత్తో పిండితే కరకరలాడినా, మెత్తగా ఉబ్బినా మార్చేయండి, కొత్త క్లిప్పులు వేయండి, రెండు మూడు రోజులు తిరిగాక ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు క్లిప్పులు మరోసారి బిగించండి.

బ్లాకు పక్కన గుండ్రటి బిళ్ళలు కనిపిస్తాయి, అవే కోర్ ప్లగ్గులు. ఇవి లోపలి నుంచి తుప్పు పట్టి పలచనవుతాయి, బయటికి పెయింట్ నున్నగానే కనిపిస్తుంది. గోటితో గీకితే పొర ఊడి సూది మొనంత చెమ్మ కనిపిస్తుంది. ఒకటి పోయిందంటే మిగతావి కూడా అదే వయసువి కాబట్టి అన్నీ ఒకేసారి మార్చండి, ఇత్తడివి దొరికితే ఇత్తడివే వేయండి. పాతదాన్ని లోపలికి కొట్టి పడేయకుండా, రంధ్రం చేసి బయటికి లాగాలి. వాటిని తీసినప్పుడే లోపలి బురద కూడా కడిగేయండి, ముఖ్యంగా నాలుగో సిలిండర్ వైపు, మడ్డి అంతా వెనక్కి చేరి అక్కడే పేరుకుంటుంది.

ఇదంతా ఎందుకొస్తుందంటే మనం పోసే బోరు నీళ్ళ వల్ల. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళు కాచిన గిన్నెకే తెల్లగా పట్టేస్తుంది, అదే పొర ఇంజన్‌లోనూ పడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోయండి, అందులో మూడో వంతు నుంచి సగం దాకా కూలెంట్ కలపండి. మంచు పడని ఊళ్ళో కూలెంట్ ఎందుకని అడుగుతారు, మనకు కావాల్సింది అందులోని తుప్పు పట్టనివ్వని మందు. తీసిన పాత కూలెంట్‌ని మాత్రం నేల మీద పారబోయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, ప్రాణాలు పోతాయి.

బయట ఎక్కడా తడి లేదు, టెస్టర్ ముల్లు మాత్రం దిగుతోంది అంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. చల్లని ఇంజన్‌కి ఫ్యాన్ బెల్టు తీసేయండి, రేడియేటర్ నిండా నీళ్ళు పోసి మూత పెట్టకుండా స్టార్ట్ చేసి ఒక్క నిమిషం మాత్రమే నడపండి. పంపు తిరగడం లేదు కాబట్టి నీళ్ళు కదలకూడదు. అయినా బుడగలు వరసగా వస్తుంటే సిలిండర్‌లోని గ్యాసు నీళ్ళలోకి వస్తున్నట్టే. స్పార్క్ ప్లగ్గులు తీసి చూడండి, మూడు మసిగా ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు ఉంటే ఆ సిలిండర్‌లోకే నీళ్ళు దిగుతున్నాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల రంగుకి తిరిగితే ఇంక బండి నడపకండి, బేరింగులు పోతాయి. హెడ్ విప్పినప్పుడు ఉత్త గ్యాస్కెట్ మార్చి మూసేయకుండా స్కేలు పెట్టి హెడ్ వంకర ఉందేమో చూపించుకోండి, నట్లు మధ్య నుంచి బయటికి, విడతలు విడతలుగా, టార్క్ రెంచితోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి) బిగించమని పక్కన నిలబడి చెప్పండి.

రేడియేటర్‌లో పసుపు వేయడం గురించి అడుగుతారని తెలుసు. అడవిలో ఆగిపోతే వేసుకోండి, ఊరికి చేరాక రేడియేటర్ మొత్తం కడిగించండి. ఆ పసుపు రంధ్రాన్ని మూసినట్టే సన్నని ట్యూబుల్ని కూడా మూసేస్తుంది, లీకు ఆగిందనుకున్న బండి వేసవిలో హీటెక్కుతుంది.

నా దగ్గర టెస్టర్ ఉంది, బయట పెట్టిన మీ బండ్లు ఈపాటికి చల్లారి ఉంటాయి. ఎవరి బండిలో నీళ్ళు తగ్గుతున్నాయో బానెట్ ఎత్తి పెట్టండి, ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్దాం.